ఒక్క కొడవలికి కొలిమా

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రోజులు. కోరుట్ల రోడ్డు మీద రోజుకో కులం వాళ్లు తమ పని చేసి చూపి నిరసన తెలుపుతున్నారు. నిన్న మంగలి వాళ్లు అక్కడే గడ్డాలు గీశారు. ఇవాళ కమ్మరి లింబాద్రి వంతు. టీవీ వాళ్లు వస్తారు, కొలిమి మండుతూ కనబడాలని జేఏసీ హరీశ్ గట్టిగా చెప్పాడు.

తారు మీద గుంత తవ్వడానికి లేదు. నేరుగా నిప్పు వేస్తే తారు కరుగుతుంది. లింబాద్రి ట్రాక్టరుతో మన్ను తెప్పించి మందంగా పరిచాడు. నడుమ చేత్తో గుంట చేసి, ఒక పక్క మట్టి గోడ లేపి, అందులో గాలి గొట్టం ఇరికించాడు. ఇనుము కొట్టే దాగలిని ఇసుక బస్తాల మధ్య కదలకుండా కూర్చోబెట్టాడు. గోడకు మట్టి తొక్కింది దేవవ్వ. ఆమెది అతని ఊరే, కూలికి పోతుంది. ఎవరూ పిలవకముందే చీర ఎగదోపి మట్టిలోకి దిగింది.

గాలికొట్టే తోలు తిత్తిని దించేటప్పుడు మాత్రం లింబాద్రి ఆమెకు వీపు అడ్డం పెట్టాడు.

సోయా కోతలకు ముందు దేవవ్వ కొడవలి పట్టుకొని అతని ఇంటికి వచ్చింది. పళ్లు అరిగిపోయాయి, మళ్లీ కక్కు పెట్టమంది. లింబాద్రి కొలిమి మానేసి చాలా కాలమైంది, వెల్డింగ్ షాపులో చేస్తున్నాడు. ఒక్క కొడవలికి బొగ్గులెవరు రాజేస్తారనిపించింది. తిత్తిని ఎలుకలు కొరికాయని చెప్పి పంపించాడు.

ఇప్పుడు ఆమే తిత్తి దగ్గర కూర్చుంది. గాలి ఊదుతుంటే బొగ్గులు ఎర్రబడ్డాయి. ఇనుప కడ్డీని నిప్పుల్లో పెడుతూ, బిడ్డ దీవెన రాలేదేమని లింబాద్రి ఊరికే అడిగాడు. ఇంట్లోనే ఉందట. సోయా కోస్తుంటే అరిగిన కొడవలి గట్టి కాడ మీద జారి ఎడమ చేతి వేళ్లు తెగాయి. కుట్లు విప్పారు గానీ రెండు వేళ్లు ముడుచుకోవడం లేదట. ఆ మాట చెప్పేటప్పుడు కూడా దేవవ్వ చెయ్యి ఆగలేదు.

"కొత్త తిత్తి కుట్టిచ్చినవా అన్నా? గాలి మంచిగ కొడుతుంది."

అవునంటే అయిపోయేది. లింబాద్రి పటకారుతో కడ్డీని తిప్పి పెట్టాడు.

"లేదు చెల్లె. పాతదే. ఎలుకలు కొరకలే. నేనే అబద్దమాడిన."

తిత్తి ఆగింది. దేవవ్వ దాని పాత కుట్ల మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒక్క కొడవలికి కొలిమెందుకని అనుకున్నవా?"

అతను తలూపాడు.

"మరి గిది ఎన్ని కొడవండ్లకు ముట్టిచ్చినవ్?"

చీర దులుపుకొని లేచి, పోయి ఆడవాళ్లలో కూర్చుంది. అప్పుడే టీవీ వాళ్లు దిగారు. హరీశ్ ఉరికొచ్చి తిత్తి పట్టుకున్నాడు. అలవాటు లేక ఒకటే ఒత్తేసరికి బూడిద లేచి అతని తెల్లచొక్కా మీదే పడింది. కమ్మరి లేని ఊరు ఊరే కాదని ఎవరో మైకులో నినాదమిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు.

లింబాద్రి జనంలోకి చూసి పిలిచాడు. "చెల్లె, కొడవలి పంపు. పొద్దున్నే కొలిమి పెడ్త."

"సోయ అయిపాయె," అంది దేవవ్వ. "వరికి సూద్దాం తియ్యి. అప్పటికి పొల్ల వేళ్లు వంగితే."

కెమెరా అతను మొహం కొంచెం పైకెత్తమన్నాడు. లింబాద్రి ఇనుమునే చూస్తూ సుత్తె ఎత్తాడు.