మూర్ఛ కాదు

గోదాముల హమాలీని లాకప్‌లో కొడుతుంటే ఆమె ఊచల బయట తుపాకీ పట్టుకుని నిలబడి ఉంది. సెంట్రీ డ్యూటీ ఆమెది. చూడలేదని చెప్పుకోవడానికి మధ్యలో గోడైనా లేదు.

హమాలీ చేసిన నేరం ఒక్కటే. తోటివాళ్ళ నడుములు విరిగిపోతుంటే, బస్తాల బరువు తగ్గించేదాకా మొయ్యబోమని కాంట్రాక్టరు ముఖం మీదే చెప్పాడు. పొద్దున కాంట్రాక్టరు ఫోను చేశాడు. మధ్యాహ్నానికి హమాలీ లాకప్‌లో ఉన్నాడు.

“పనిలోకి రమ్మని నీవాళ్ళకి చెప్తావా, చెప్పవా?” ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“నేనొక్కణ్ణి ఆపితే ఆగిన పని కాదు సార్. అందరం అనుకునే ఆపాం.”

లాఠీ లేచింది. కాసేపు కేకలు వినిపించాయి. తర్వాత దెబ్బలు మాత్రమే వినిపించాయి.

అప్పుడే హమాలీ పెళ్ళాం భోజనం క్యారియర్‌తో గేటు దగ్గరికొచ్చింది. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుంటూ పంపించెయ్యమని సెంట్రీకి సైగ చేశాడు. ఆమె గేటుదాకా వెళ్ళింది.

“బాగానే ఉన్నాడమ్మా. సాయంత్రం వదిలేస్తారు. ఇంటికెళ్ళు.”

సాయంత్రం వదిలేశారు, ఆస్పత్రి శవాల గదిలో.

మర్నాడు ఇన్‌స్పెక్టరు అందరినీ వరసలో నిలబెట్టాడు. “లాకప్ చావు కాబట్టి రేపు మేజిస్ట్రేటు విచారణకొస్తాడు. వాడికి మూర్ఛొచ్చింది, పడ్డాడు, తల పగిలింది. అందరి నోటా ఇదే మాట రావాలి. నేను మునిగితే ఒక్కణ్ణే మునగను. ముందు పోయేది సెంట్రీ.”

అతను వెళ్ళగానే కానిస్టేబుళ్ళ గదిలో గొడవ మొదలైంది.

“పైవాళ్ళు చెప్పింది చెయ్యడమే మన పని,” అన్నాడు ఒకడు.

“చట్టానికి లోబడిన ఆర్డరే ఆర్డరు. అబద్ధమాడమని చెప్పే అధికారం ఏ ఆఫీసరుకీ లేదు,” అన్నాడు కేసులు రాసే స్టేషన్ రైటర్, కాగితాల్లోంచి తలెత్తకుండానే. “నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఇద్దరు పిల్లలున్నారు.”

జీపు డ్రైవర్ భగ్గుమన్నాడు. “హమాలీకి లేరా పిల్లలు? పోయినసారి ఇలాగే జరిగితే ఉద్యోగం ఊడింది ఎవరికి? ఆఫీసరుకా, కానిస్టేబుల్‌కా? మా అమ్మ చావుబతుకుల్లో ఉంటే సెలవడిగాను. ఈ ఇన్‌స్పెక్టరు తన ఇంటికి సామాన్లు మోయించాడు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వాళ్ళు బస్తాలు మోస్తుంటే మనం వీడి పాపాలు మోస్తున్నాం!”

సెంట్రీ ఆ మాటలన్నీ విని డ్యూటీ దిగింది. క్వార్టర్‌కి వెళ్ళాక జరిగిందంతా అత్తగారికి చెప్పింది.

“నోరు కుట్టేసుకో,” అంది అత్తగారు. “నా కొడుకు పోయాక నీకొచ్చిన ఉద్యోగమిది. పోయిందంటే ఈ గది కూడా మనది కాదు.”

“ఆయనా నోరెత్తలేదు కదత్తయ్యా. జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే బందోబస్తుకి పొమ్మన్నారు. సరే సార్ అన్నాడు.”

అత్తగారు పొయ్యి వైపు తిరిగిపోయింది. మంట ఎగదోస్తూ అంది: “కాదని ఉంటే బతికేవాడేమోనే.”

విచారణ రోజు హమాలీలతో రోడ్డు నిండిపోయింది. నినాదాల్లేవు. గేటు దగ్గర హమాలీ పెళ్ళాం సెంట్రీని గుర్తుపట్టింది.

“బాగానే ఉన్నాడన్నావు కదమ్మా.”

తిట్టలేదు, ఏడవలేదు. చెంప పగలగొట్టినా బావుండుననిపించింది సెంట్రీకి.

స్టేషన్ గదిలో కూర్చున్న మేజిస్ట్రేటు ముందుకి మొదట ఆమెనే పిలిచారు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు.

“మూర్ఛ కాదు సార్. ఇన్‌స్పెక్టరుగారు కొట్టి చంపారు. నేను చూశాను. చూస్తూ ఊరుకున్నాను, అదీ రాసుకోండి. అతని భార్యకి అబద్ధం చెప్పాను, అదీ రాసుకోండి.”

మేజిస్ట్రేటు కలం ఆగింది. గుమ్మం వైపు ఒకసారి చూశాడు. “ఆలోచించుకుని చెప్పమ్మా.”

“ఆలోచించుకునే వచ్చాను సార్.”

వరండాలోకి రాగానే ఇన్‌స్పెక్టరు ఆమె టోపీ లాగేశాడు. “బెల్టు తియ్యి! కాపలా ఉండి కాపాడలేదని నువ్వే ఒప్పుకున్నావు. మొదటి ముద్దాయివి నువ్వే. ఎక్కించండ్రా జీపు!”

ఆమె బెల్టు విప్పింది. క్వార్టరూ, అత్తగారి ముఖమూ కళ్ళముందు తిరిగాయి. ఎవరో వచ్చి రెక్క పట్టుకుంటారని ఎదురుచూసింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది. రైటర్ ఆమెను దాటుకుని మేజిస్ట్రేటున్న గది గుమ్మం దగ్గరికి నడిచాడు. “నన్నూ పిలవండి సార్. కేకలు నేనూ విన్నాను.”

“జీపులోకి ఎత్తింది నేను,” డ్రైవర్ గొంతు పెంచాడు. “అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది. బతికున్నాడని చెప్పి ఆస్పత్రికి పంపారు!”

వెనక ఇంకొకడు నిలబడ్డాడు. ఆ వెనక మరొకడు. ఆర్డర్లే పాటించాలన్నవాడు లాఠీ గోడకి ఆనించి వరసలో చేరాడు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోన్లో రిజర్వు బలగాన్ని పిలుస్తున్నాడు. కాసేపటికే రోడ్డు చివర లారీలు ఆగాయి. బూట్లు దబదబా నేల మీద పడ్డాయి. ముఖాలు కనబడని హెల్మెట్లు, గాజులాంటి డాళ్ళు. హమాలీలు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. వెనక్కి తగ్గకుండా స్టేషన్ ఆవరణలోకే నడిచారు. అందరికంటే ముందు హమాలీ పెళ్ళాం ఉంది. వరండా మెట్లెక్కి, టోపీ లేని సెంట్రీ పక్కనే నిలబడింది.

“మిగతావాళ్ళు రాకుండా గేటు వెయ్యండ్రా!” ఇన్‌స్పెక్టరు అరిచాడు.

ఒక్క కానిస్టేబులూ కదలలేదు.