నీళ్ళెక్కువైన సైప్రస్ మొలకలు

మా అత్తయ్యకు మొక్కల నర్సరీ ఉంది. దాని గేటు పక్కన, పెళ్ళైన కొత్తలో ఆవిడ విత్తనం వేసి పెంచిన సైప్రస్ చెట్టు ఉండేది. మా పెళ్ళైన నెలకే అది గాలివానకు కూలిపోయింది. కాయలు ఏరి ఎండబెట్టి, రాలిన విత్తనాలు గుప్పిట్లో పట్టుకుని, "ఇవి మొలిస్తే నా చెట్టు ఉన్నట్టే," అంది అత్తయ్య.

"నాకివ్వండత్తయ్యా! బోటనీలో నాది ఫస్ట్ క్లాసు."

ఆవిడ నన్ను తూకం వేస్తున్నట్టు చూసి, ఓ పొట్లం చేతిలో పెట్టింది.

నా పాండిత్యమంతా బయటికి తీశాను. విత్తనాలను ఒక రోజు నానబెట్టి, తడి ఇసుకలో కలిపి, నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచాను. చలికాలం వచ్చి పోయిందని వాటిని నమ్మించాలన్నమాట. డబ్బా మీద "నిద్రపోతున్నాయి, లేపకండి" అని రాశాను. ఆ నెలంతా మా ఆయన ఫ్రిజ్ తలుపు మునివేళ్ళతో తీశాడు. ఇలాంటి మనిషిని ఎంచుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ట్రేలో చల్లిన మూడు వారాలకు ముప్పై ఒక్క మొలకలు లేచాయి. ఒక్కొక్కటీ సూదంత, నెత్తిన పొట్టు టోపీ. వెంటనే ఫోన్ చేసి, "ఒక్క గేటు చాలదత్తయ్యా, ఇంకోటి పెట్టించండి," అని కోతలు కోశాను.

వారం తిరగ్గానే మొలకలు మొదళ్ళ దగ్గర మెత్తబడి వాలిపోసాగాయి. దాహం కాబోలని ఇంకాస్త నీళ్ళు పోశాను. ఆదివారం అత్తయ్య వచ్చేసరికి ఒక్కటీ నిలబడి లేదు. ఆవిడ ట్రే ఎత్తగానే అడుగునుంచి నీళ్ళు ధారకట్టాయి.

"రోజుకెన్నిసార్లు పోశావమ్మా?"

"పొద్దున ఒక్కసారే. రాత్రి పోసేది మీ అబ్బాయి వంతు, అలసిపోతారని అదీ నేనే..."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను సాయంత్రమే పోసేసేవాణ్ణమ్మా. చేసిన పని చెప్పుకోవడమెందుకని తనకి చెప్పలేదు."

"పెంచింది మొక్కల్నా, చేపల్నా?"

నాకు ఏడుపొచ్చేసింది. "మీ చెట్టు పోగొట్టేశానత్తయ్యా."

ఆవిడ సంచిలోంచి ఒక డబ్బా తీసింది. మూత తీస్తే తడి ఇసుక, అందులో విత్తనాలు.

"బోటనీలో ఫస్ట్ క్లాసు అన్నావుగా, అందుకే సగమే ఇచ్చాను. ఈసారి మట్టిలో వేలు పెట్టి చూడు, తడి తగిలితే పోయకు." కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వు మాత్రం ఇందులో వేలు పెట్టకు."

ఇప్పుడు పందొమ్మిది లేచాయి. రోజూ పొద్దున నేను వేలు పెట్టి చూస్తుంటే, మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడతాడు. నిన్న ట్రే అంచున నా వేలికన్నా లావు గుంట ఒకటి కనిపించింది.

"ఇదేంటి?"

"తడి ఉందిలే," అన్నాడు, చేతులు వెనకే ఉంచుకుని.

అత్తయ్యకు చెప్పలేదు. పందొమ్మిదీ నిలబడే ఉన్నాయి మరి.