పూలదండ వేసిన మెషీన్

విరిగిన ముక్కలు ట్రేలో లేవు.

ప్రశాంతి కింది అర లాగి చూసింది. చెత్తబుట్ట బోర్లించి చూసింది. సెలవు మీద వెళ్ళే ముందు తన చేతులతో పెట్టిన ముక్కలవి. బొటనవేలంత లావు ఉక్కు కడ్డీ, నట్టనడుమ రెండుగా తెగిన ముక్కలు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ క్రేన్‌కి కొత్త హుక్ కావాలి. ఒక కంపెనీ కొత్తరకం ఉక్కు తయారుచేసింది. ఆ ఉక్కు మోస్తుందో లేదో తేల్చే పని ఈ ల్యాబ్‌ది. మెషీన్ కడ్డీని లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ లాగుతుంది. మంచి ఉక్కయితే రోజుల తరబడి తట్టుకుంటుంది. ఇది సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

కానీ టేబుల్ మీద తయారుగా ఉన్న రిపోర్టు పాసైందంటోంది. అడుగున ‘పరీక్ష జరిపినవారు: ప్రశాంతి, రీసెర్చ్ అసిస్టెంట్’ అని ఉంది. సంతకం చోటొక్కటే ఖాళీ.

ఆమెకు చెవులు వేడెక్కాయి. రిపోర్టు పట్టుకుని సీనియర్ అనిరుధ్ సీటు దగ్గరికి వెళ్ళింది.

"ఇదేటండీ అనిరుధ్ గారూ?"

అనిరుధ్ స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఏటి, గీటి అనకు. రేపు రైల్వేవాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందైనా మంచి తెలుగు మాట్లాడు."

"వచ్చేది మా నాన్న వర్క్‌షాప్ వాళ్ళే. వాళ్ళూ ఏటి అనే అంటారు. శాంపిల్ విరిగింది కదా, పాసని ఎలా రాశారు?"

"కడ్డీని పట్టే గ్రిప్ నువ్వు వంకరగా బిగించావు, విరిగింది. నువ్వు సెలవులో ఉన్న వారం నేను కొత్త శాంపిల్ ఎక్కించి మళ్ళీ నడిపించాను. సోమవారం నుంచి శనివారం దాకా. చెక్కు చెదరలేదు."

"మరి విరిగిన ముక్కలేవి?"

"తప్పుగా చేసిన టెస్టు ముక్కల్ని దాచుకుని పూజ చేస్తారా? పారేశాను."

"మీరు చేసిన టెస్టుకు నా సంతకమెందుకు?"

"ఆపరేటర్‌గా పేరున్నది నీదే కాబట్టి. థాంక్స్ చెప్పాల్సింది పోయి..."

ఆమె ప్రొఫెసర్ గదికి వెళ్ళింది. త్రిపురసుందరి మేడమ్ ఆమె చెప్పినదంతా విన్నారు. విని, పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టారు.

"అనిరుధ్ థీసిస్ ఈ ఉక్కు మీదే ఉందమ్మా. కంపెనీవాళ్ళతో తర్వాతి ప్రాజెక్టు కూడా మాట్లాడేశాను. నీ గ్రిప్ పొరపాటు గురించి బయట ఎవరికీ చెప్పనులే. సంతకం పెట్టు."

"నేను సరిగ్గానే బిగించాను మేడమ్."

"రేపు పదింటికి మీటింగ్. ఆలోపు పెట్టు."

ప్రశాంతి పెన్ను ముట్టుకోలేదు. రిపోర్టు సంచిలో కుక్కుకుని సైకిలెక్కింది. మలంచా రోడ్డు మీద ఆటోవాడు ఒకడు "దీదీ, దేఖ్‌కే!" అని, చూసుకుని తొక్కమన్నట్టు అరిస్తే, వాడి మీద తిరిగి అరిచింది. న్యూ సెటిల్‌మెంట్‌లో తమ రైల్వే క్వార్టర్ చేరేసరికి కూడా కోపం వెచ్చగానే ఉంది.

వాళ్ళ నాన్న జగ్గారావు వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఆ క్రేన్ బోగీలను ఎత్తి నిలబెడితే వాటి కిందికి దూరి పనిచేసేవాళ్ళలో ఆయనొకడు. పళ్ళెం ముందు కూర్చుని ఊరంత సంబరంగా ఉన్నాడు.

"రేపు మీ ల్యాబుకి అమర్‌నాథ్ సారు ఒస్తన్నాడంట కదే? నా కూతురు పాస్ సేసిన హుక్కు మా నెత్తి మీదికి ఒస్తందిరా అని షాపంతా సెప్పేసినాను."

ప్రశాంతి తన పళ్ళెంలోంచి తలెత్తింది. "ఎవరు సెప్పమన్నారు నాన్నా నిన్ను?"

"ఒకరు సెప్పాలేటి? నువ్వు తీసిన మీ మిషను ఫొటో కూడా సూపించినాను. జెర్రీగాడు పెళ్ళికూతురిలాగ ముస్తాబు సేసినాడు గదా, పూలదండా, బొట్టూ, అదీ!"

ప్రశాంతి చెయ్యి ఆగిపోయింది.

ల్యాబ్ టెక్నీషియన్ జెర్రీ ఆదివారం చర్చి ఎగ్గొడతాడేమో గానీ పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజ ఎగ్గొట్టడు. మెషీన్ గది తాళం ఎప్పుడూ అనిరుధ్ దగ్గరే ఉంటుంది. ఆ ఒక్కరోజు మాత్రం జెర్రీ గదులన్నీ తీయించి, మెయిన్ స్విచ్‌లు ఆపి, వాటికి ఎర్రదారం కట్టేస్తాడు. ఖరగ్‌పూర్‌లో ఆనాడు ఎవరూ మెషీన్ తిప్పరు, పనిముట్టు ముట్టరు. సెలవులో ఉండి కూడా ప్రశాంతి పూజకు వెళ్ళింది, కిచిడీ తిని వచ్చింది. అనిరుధ్ రాలేదు. 'ఇది ల్యాబా, లోకో షెడ్డా' అని హాస్టల్లోనే ఉండిపోయాడు.

ఎంగిలి చెయ్యి కడుక్కుని సంచిలోంచి రిపోర్టు తీసింది. గ్రాఫ్‌లో గీత సోమవారం బయల్దేరి శనివారం దాకా తాడులా సాగిపోయింది. పూజ వచ్చింది బుధవారం. గీత ఆ బుధవారం మీదుగా ఎక్కడా తెగకుండా వెళ్ళింది.

ఆ అనిరుధ్ మెషీన్ నడపలేదు. కూర్చుని గీత గీశాడు.

"ఏటైందే?" అన్నాడు జగ్గారావు.

"ఏటీ లేదు నాన్నా. తిను."

మర్నాడు మీటింగ్‌కి అమర్‌నాథ్ ఒక్కడే వచ్చాడు. వర్క్‌షాప్ ఇంజనీరు, ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలోనే పుట్టి పెరిగిన మనిషి. అనిరుధ్ అద్దంలా మెరుస్తున్న కడ్డీని ఆయన ముందు పెట్టి, పాసైన శాంపిల్ ఇదేనని చెప్పి, తెర మీద గ్రాఫ్ వేశాడు. త్రిపురసుందరి మేడమ్ పెన్ను ప్రశాంతి వైపు జరిపారు.

ప్రశాంతి దాన్ని అందుకోలేదు. "ఒక్క డౌట్ అనిరుధ్ గారూ. టెస్టు మధ్యలో ఎక్కడా ఆపలేదా?"

అనిరుధ్ నవ్వాడు. "ఒక్క క్షణం కూడా. నేనే కాపలా ఉన్నాను."

"బుధవారం కూడానా?"

"బుధవారం కూడా. ఏం, బుధవారానికి కొమ్ములున్నాయా?"

అమర్‌నాథ్ చేతిలో టీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది. తెర మీద తేదీలు ఒకసారి చదువుకున్నాడు. "విశ్వకర్మ పూజనాడు మిషను తిప్పినారా? నా సర్వీసులో ఆనాడు స్పానర్ ముట్టుకున్నోణ్ణే నాను సూడలేదు."

ప్రశాంతి ఫోన్ టేబుల్ మీద పెట్టింది. ఫొటోలో మెషీన్ బంతిపూల దండలో మునిగి ఉంది. కడ్డీని కరిచిపట్టే రెండు దవడలకీ కుంకుమ, స్విచ్‌కి ఎర్రదారం. దాని ముందు చేతిలో కొబ్బరికాయతో త్రిపురసుందరి మేడమ్.

"కాయ కొట్టింది మీరే మేడమ్," అంది ప్రశాంతి.

మేడమ్ ముఖం గట్టిపడింది. అనిరుధ్ గొంతు సవరించుకున్నాడు. "అంటే... ఆ ఒక్కరోజూ కాసేపు..."

"ఒక్క క్షణం కూడా ఆపలేదన్నావు." ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె అతన్ని నువ్వు అంది. "ఇప్పుడే, ఈ కుర్చీలోనే అన్నావు!"

"ప్రశాంతీ, ఇది మనం లోపల మాట్లాడుకోవాల్సిన విషయం," అన్నారు మేడమ్.

"లోపలే మాట్లాడినాను మేడమ్. మీరు పెన్ను మూత తీసి ఇచ్చినారు. మా నాన్న ఆ హుక్కు కిందే పనిచేస్తాడు. మీలో ఒక్కరైనా వచ్చి దాని కింద నిలబడతారా?"

అమర్‌నాథ్ కడ్డీ చేతిలోకి తీసుకుని అనిరుధ్ ముందు పెట్టాడు. "పాసైందిదే కదా బాబూ? ఎక్కించు. నానిక్కడే కూసుంటాను."

అనిరుధ్ ప్రశాంతి వైపు చూశాడు, నువ్వు ఎక్కించు అన్నట్టు. ఆమె చేతులు కట్టుకుంది.

"గ్రిప్ ఆయనే బిగించాలి సార్. మొదటిది విరిగితే ముక్కలు పారేసి, తప్పు నాదన్నారు. నేను వంకరగా బిగిస్తానంట."

అనిరుధ్ బిగించాడు. స్పానర్ రెండుసార్లు చేయి జారింది. మెషీన్ మొదలైంది. అమర్‌నాథ్ కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు, భోజనం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. సాయంత్రం టీ కప్పులు ఇంకా ఖాళీ కాకముందే గదిలో తుపాకీ పేలినట్టు శబ్దమైంది. కడ్డీ రెండుగా తెగింది. అమర్‌నాథ్ రెండు ముక్కల్నీ రుమాల్లో మూటకట్టి జేబులో వేసుకున్నాడు. "ఈసారి ఇయ్యి పోవు," అన్నాడు.

కారిడార్‌లో మేడమ్ ప్రశాంతిని ఆపారు. "నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది, గుర్తుందిగా?"

"ఉంది మేడమ్. ఆ తెగిన చప్పుడు మీక్కూడా గుర్తుండాలి."

సైకిల్ స్టాండ్ దగ్గరికి విసవిసా వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. తాళం తీయడం మానేసి ఫోన్ తీసింది.

"నాన్నా, ఆ హుక్కు రాదు."

అటువైపు వర్క్‌షాప్ మోతలో జగ్గారావు అరిచాడు. "అదేటే! నా కూతురు పాస్ సేసిందని అందరికీ సెప్పేసినానే!"

"మళ్ళీ సెప్పు. నీ కూతురు దగ్గరుండి ఇరగ్గొట్టించిందని సెప్పు."