పేరొక్కటే చాలన్నారు

కాంక్రీటు తట్టలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతుంటే, పోలరాజు ఇనుప చువ్వల మీద గొంతుక్కూర్చుని కాంక్రీటు దూరకుండా ఫ్యాను బాక్సు నోట్లో సిమెంటు సంచి ముక్క కుక్కుతున్నాడు. పొద్దున ఆరింటి నుంచీ ఇదే పని. స్లాబు పోసేటప్పుడు కరెంటు మేస్త్రీ పక్కన లేకపోతే కూలీల కాళ్ల కింద పైపు నలుగుతుంది, రేపు వైరు దూరదు, తిట్లు మాత్రం తనకే పడతాయి. నలభై ఆరేళ్ల మనిషి. కమిలిన మెడ, ఎడమ బొటనవేలికి సగమే గోరు, చొక్కా జేబులో టెస్టరు. నర్సీపట్నంలో నేర్చిన పనిని పట్టుకుని సికింద్రాబాదు వచ్చి ఇరవై రెండేళ్లయింది. హైటెక్ సిటీ జీతాలతో కార్ఖానా ప్రాంతంలో లేస్తున్న ఇలాంటి ఫ్లాట్లకు ఎన్నింటికో వైర్లు లాగాడు. గృహప్రవేశానికి ఒక్కరూ పిలవలేదు.

అతనికి కోపం ఎక్కువ. తాగే రోజుల్లో అదంతా పెళ్లాం లోవమ్మ వీపు మీద పడేది. తాగుడు మాని పద్నాలుగు నెలలైంది. కోపం మాత్రం పోలేదు, దిగే చోటు లేక లోపలే ఉడుకుతోంది.

ఇవాళ్టి కోపం దావత్ మీద. స్లాబు పూర్తయితే బిల్డరు పనివాళ్లకు మటన్, మందు పెట్టించడం ఆనవాయితీ. కిందటి రెండు స్లాబులకూ పోలరాజు ఏదో సాకు చెప్పి ముందే జారుకున్నాడు. ఈసారి మిక్సరు మొరాయించి పని మూడున్నర దాకా సాగింది. చేతులు కడుక్కుని వచ్చేసరికి సెంట్రింగు మేస్త్రీ జకర్యా ప్లాస్టిక్ గ్లాసు నింపి ముందు పెట్టేశాడు.

"జెర తీసుకో అన్నా. స్లాబు రోజు సుత తాగకుంటే ఎట్ల?"

వద్దన్నాడు. ఒంట్లో బాగా లేదా అని ఒకడు, పెళ్లాం భయమా అని ఇంకొకడు. అందరూ నవ్వారు. తాను మోరీలో పడి ఉన్న రోజున ఎందుకు తాగావని వీళ్లలో ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు ఎందుకు తాగవో మాత్రం అందరికీ కావాలి.

గ్లాసు వాసనకు నోట్లో నీళ్లూరాయి. దానికి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి సిమెంటు బస్తాల వెనక్కి వెళ్లి ఫోను తీశాడు. మొదటి గుటకకు ముందు ఫోన్ చెయ్యి, తర్వాతయితే నాకు చెయ్యక్కర్లేదు అని, తాగుడు మాన్పించిన సూరి మొదటి రోజే చెప్పాడు.

సూరి దొరికింది ఒక వైన్ షాపువాడి పుణ్యాన. బస్‌స్టాపులో అంటించిన కాగితం చించి జేబులో పెట్టుకుని, తాగుడు మానేవాళ్ల మీటింగు ఎక్కడని ఎవర్నీ అడగలేక, పోలరాజు బన్సీలాల్‌పేట్ సందుల్లో రెండు శనివారాలు ఊరికే తిరిగాడు. మూడో శనివారం విసిగిపోయి క్వార్టరు కొనబోతే నోటుతోపాటు ఆ కాగితమూ బయటికొచ్చింది. కౌంటర్లో మనిషి అది చదివి, ఎదురుగా ఉన్న బడి వెనక గదిని వేలుపెట్టి చూపించాడు.

గదిలో సూరి టీ పోసి పేరడిగాడు. పేరొక్కటే చాలన్నాడు. ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం అక్కర్లేదు. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలెయ్యాలి. ఆ నియమం విన్నాక పోలరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు అదే నియమాన్ని తిట్టుకుంటున్నాడు. సూరి రెండు శనివారాలుగా రావడం లేదు. ఎక్కడుంటాడో ఆ గదిలో పదకొండు మందిలో ఒక్కరికీ తెలియదు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఇవాళ మోగింది. ఆడపిల్ల గొంతు. సూరి కూతురు భానుప్రియనని చెప్పింది. నాన్న పోయి పదహారు రోజులైందట. నిద్రలోనే గుండె ఆగిందట. ఎనిమిదేళ్లుగా మాటల్లేవనీ, మల్కాజ్‌గిరిలో ఆయన అద్దె గది ఖాళీ చెయ్యడానికి వచ్చి ఫోను చార్జింగు పెట్టాననీ అంది.

"మీరూ ఆయన తాగుడు జట్టేనా? ఇంక ఈ నంబరుకి చెయ్యకండి. పోయేదాకా తాగించారుగా."

పోలరాజు ఒళ్లు మండిపోయింది. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలెయ్యాలి. తాగినన్నాళ్లూ వీధి వీధంతా తెలుసు, మానినప్పుడు మాత్రం దాచుకోవాలా? ఎవడు పెట్టాడీ నియమం?

"ఇదిగో అమ్మా, ఇనుకో. మీ నాన్న ఆరేళ్లయి సుక్క ముట్నేదు. నన్ను మాన్పించినోడు ఆయనే. తాగి సచ్చిపోయాడని ఎవరికైనా సెప్పావంటే నేనూరుకోను."



"మరి మాతో ఎందుకు చెప్పలేదండీ?"

మానేస్తానని మీ ముందు వందసార్లు ఒట్టేసి తప్పాడట. అందుకని మాటతో కాదు, పదేళ్లు మాని చూపించి అప్పుడొచ్చి మీ గుమ్మంలో నిలబడతానన్నాడు. ఒక శనివారం మీటింగులో సూరి చెప్పిన ఈ సంగతి కూడా పోలరాజు చెప్పేశాడు. సూరిని తిడుతూనే చెప్పాడు. పదేళ్లట, పెద్ద మొనగాడు. నాలుగేళ్లు మిగిలుండగానే పోయాడు. ఆ పిల్ల ఏడ్చింది. పోలరాజుకు ఓదార్చడం చేతకాదు. ఆ మీటింగు గది ఎక్కడని ఆమె అడిగితే దారి చెప్పి పెట్టేశాడు.

తిరిగొచ్చేసరికి గ్లాసు అక్కడే ఉంది. ముఖం చూసి ఏమైందని జకర్యా అడిగాడు. మావాడొకడు పోయాడన్నాడు.

"అయితే ఇయ్యాల తాగాలె అన్నా. బాధ దిగుతది."

అది ప్రేమతో అన్న మాటే. అయినా అతన్ని కొట్టాలనిపించింది. కొట్టకుండా, తాగకుండా, పనిముట్ల సంచి భుజాన వేసుకుని బస్సెక్కాడు.

బడి వెనక గదికి, శనివారం మీటింగుకు ఇంకా ఎవరూ రాలేదు. కిటికీలో సూరి ఫ్లాస్కు ఉంది, చివరిసారి వచ్చిన రోజు ఆయన మరిచిపోయి వదిలి వెళ్లినది. రెండు శనివారాలు అందరూ దాన్ని చూశారు, ఆయనే వచ్చి తీసుకుంటాడులే అని పక్కకు జరిపారు. పోలరాజు కూడా జరిపాడు. ఇప్పుడు మూత విప్పితే సగానికి సగం టీ అలాగే ఉంది, పైన తెల్లటి బూజు మందంగా కట్టి.