భూమధ్యరేఖ మీద మంచు

మా సోషల్ మాస్టారు గ్లోబును చంకలో పెట్టుకుని క్లాసుకు వచ్చేవారు. అందుకే ఆయన మాకు గ్లోబు మాస్టారు. ఆరో తరగతి మొదటి రోజునే చీటీలు తీయించి గ్లోబు మీది ఊళ్లలో తలా ఒకటి అంటగట్టారు. ఏడాదంతా ఆ ఊరు మాదే. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అంటే ఒప్పుకునేవారు కాదు. ఆ పూట మన ఊళ్లో ఏం జరుగుతుంటుందో ఒక్క ముక్క చెప్పాలి. ఇప్పటి పిల్లలకు వేలితో నొక్కితే ప్రపంచం కనబడుతుంది. మాకున్నదల్లా లైబ్రరీలో చిరిగిన అట్లాసు, ఆయన నోరు. అయినా నాకు ఆ రోజులే ముద్దు.

నా ఖర్మ కొద్దీ నాకొచ్చింది సముద్రం నడుమ ఆవగింజంత దీవి. లైబ్రరీ అంతా గాలించినా దాని గురించి రెండు వాక్యాలు దొరకలేదు. దొరక్కపోతే ఊరుకుంటానా? కల్పించడం మొదలుపెట్టాను. దీవిలో ఒక పడవవాణ్ణి పెట్టి, వాడికో గయ్యాళి అక్కను తగిలించాను. రోజూ వాళ్ల తగాదా చెబుతుంటే క్లాసంతా చెవులు రిక్కించి వినేది. నా వంతు రాగానే మాస్టారు కలం పక్కన పెట్టేవారు. ఆ ఒక్కదానికే నేను పొంగిపోయేదాన్ని.

గోరంతను కొండంత చేసేవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియదు. ఒకరోజు పడవవాడి ఇంటిమీద మోకాలిలోతు మంచు కురిపించాను. మాస్టారు మెల్లగా గ్లోబు తిప్పి దీవి మీద వేలు పెట్టారు. భూమధ్యరేఖ సరిగ్గా దానిమీదుగానే పోతోంది. క్లాసు గొల్లుమంది. ఇక ఆయన నన్ను ఎన్నటికీ నమ్మరనిపించి నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

సాయంత్రం స్టాఫ్ రూముకు పిలిచారు.

"కల్పించావని కోపం లేదమ్మా. బాగానే కల్పించావు. కానీ అక్కడ నిజంగా మనుషులుంటారు కదా, వాళ్లనో మాట అడగొద్దూ?"

నా అబద్ధాలన్నీ వరసగా రాయించి, ఏవి తప్పో దిద్దమని చివర చేర్పించారు. తనే ఇంగ్లీషులోకి మార్చి ఆ దీవి బడికి పంపారు. ఆనాటి నుంచి రోజూ ఉత్తరాలు తెచ్చే అటెండరు చేతుల వైపు చూడటమే నా పని. హాజరులో నా వంతు వస్తే "ఇంకా తెలియదు సార్" అనేదాన్ని. ఆయన కలం పక్కన పెట్టకుండానే తర్వాతి పేరు పిలిచేవారు. అది తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకునేది.

ఏడు నెలలకు జవాబు వచ్చింది. మాస్టారు ఒక్కో వాక్యం చదివి అర్థం చెప్పారు. నా పద్నాలుగు అబద్ధాల్లో పదమూడింటిని అక్కడి పంతులమ్మ ఎర్రసిరాతో కొట్టేసింది. గయ్యాళి అక్కలు మాత్రం తమ దగ్గరా ఉన్నారట. చివర ఇలా రాసింది:

"ఎవరెవరో ఓడల్లో వచ్చి మమ్మల్ని చూసి ఏవేవో రాసుకుపోయారు. రాసింది నిజమేనా అని మమ్మల్ని అడిగింది మాత్రం నువ్వే."

మాస్టారు ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "రేపు పాఠం నువ్వు చెప్పు. నేను వెనక బెంచీలో కూర్చుంటాను" అన్నారు.

మర్నాడు నిజంగానే కూర్చున్నారు. చెయ్యెత్తి, నేను పిలిచేదాకా ఆగి మరీ ప్రశ్న అడిగారు.