మెత్తగా ఉండేదేదైనా

సూదిబాబు తలుపు తీశాడు. గుమ్మంలో మావగారు నిలబడి ఉన్నాడు.

అల్లుడి ఇంటికి మావగారు రావడంలో వింతేముంది అనుకోవచ్చు. కానీ ఈ మావగారు కూతురి పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మెట్లెక్కిన పాపాన పోలేదు. కూతుర్ని చూడాలనిపిస్తే ఆమె నడిపే సిటీ బస్సెక్కి, టిక్కెట్టు కొనుక్కుని, ముందు సీట్లో కూర్చుని, చివరి స్టాపు దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. ఇంటికి మాత్రం వచ్చేవాడు కాదు.

ఆయన ఈత నేర్పే కోచ్‌గా పనిచేసి రిటైరయ్యాడు. కొలను గట్టు మీద నిలబడి అరిచీ అరిచీ గొంతు అలాగే స్థిరపడిపోయింది. ఉప్పు అందుకోమని అడిగినా అవతలి గట్టున ఎవరో మునిగిపోతున్నట్టే ఉండేది. పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసి కుట్టేవాణ్ణి కూతురు ఏరికోరి చేసుకుంటోందని తెలిసిన రోజు, ఆ గొంతుతోనే "సూదిబాబు" అని పేరు పెట్టాడు. పెళ్ళికొచ్చిన వాళ్ళందరూ విన్నారు. ఎగతాళికి పెట్టిన పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు పెళ్ళాం కూడా ముద్దొచ్చినప్పుడు అలాగే పిలుస్తుంది.

"అమ్మాయి డ్యూటీలో ఉందండీ మావయ్యగారూ. సాయంత్రానికి గానీ రాదు," అన్నాడు సూదిబాబు తలుపు పట్టుకునే.

"తెలుసు," అన్నాడాయన. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఆ గొంతు అంత నెమ్మదిగా పలకగలదని సూదిబాబుకి అంతవరకూ తెలీదు.

తెలిసీ ఎందుకొచ్చినట్టు? ఈయనతో తను ఒక్కడూ ఒకే గదిలో కూర్చోవడం అన్నది ఎప్పుడూ జరగలేదు. షాపు వెనక వీధిలోనే ఉంది కాబట్టి మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఏదో ఇంత తిని, మళ్ళీ పరుగెత్తడం అతని అలవాటు.

"భోంచేస్తారా?" అన్నాడు. మర్యాదకి అన్న మాట అది. ఆయన వద్దంటాడని నూటికి నూరుపాళ్ళూ నమ్మకం.

"మెత్తగా ఉండేదేదైనా ఉంటే పెట్టవయ్యా."

సూదిబాబు తన చెవుల్ని తనే నమ్మలేక వంటింట్లోకి నడిచాడు. ఆయన వెనకాలే వచ్చి చిన్న బల్ల దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. ఫ్రిజ్‌లో సాల్మన్ చేప ముక్కలు రెండున్నాయి. రాత్రికని పెళ్ళాం తెచ్చి పెట్టింది. ఇంతకంటే మెత్తటిదీ, ఇంతకంటే త్వరగా అయ్యేదీ ఇంట్లో ఇంకోటి లేదు. ముక్కల మీది తడిని కాగితంతో అద్దాడు. రెండు వైపులా నూనె రాసి, ఉప్పూ మిరియాల పొడీ చల్లాడు. గీతలున్న ఇనప పెనాన్ని బాగా కాగనిచ్చి, చర్మం ఉన్న వైపు కిందికి వచ్చేలా పెట్టాడు. చుయ్‌మని చప్పుడు లేచింది. తోలు మీద బిగువు చూసుకున్నట్టే చేప చర్మాన్ని అట్లకాడతో మెల్లగా నొక్కిపెట్టాడు, ముడుచుకుపోకుండా.

"వంట కూడా వచ్చా నీకు?"

"ఇదేం వంటండీ. ఇటు కాసేపు, అటు కాసేపు. ఊరికే కెలక్కూడదు, అంతే."

ఆయన "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"లో వెటకారం లేదు. వెటకారం లేకపోవడమే సూదిబాబుని మరీ కంగారు పెట్టింది. పెద్ద ముక్కని పళ్ళెంలోకి తీసి, నిమ్మరసం పిండి, ఆయన ముందు పెట్టాడు. తన ముక్కని తిరగేయడానికి స్టవ్ వైపు తిరిగాడు.

వెనక ఫోర్కు పళ్ళేనికి తగిలిన చప్పుడు. ఒక ముద్ద. కాస్త ఆగి ఇంకోటి. ఆ తర్వాత ఏమీ లేదు.

"బాగోలేదాండీ?"

జవాబు రాకపోయేసరికి వెనక్కి తిరిగాడు.

చేతిరుమాలు కింద పడి ఉంది. ఆయన మూతి ఆయనది కాదు. కింది పెదవి ఉబ్బి, బయటికి తిరిగిపోయి, గడ్డం మీదికి వేలాడుతోంది. తెరిచిన నోట్లో నాలుక నిండిపోయి ఉంది. ఏదో అనబోయాడు. నీళ్ళలో బుడగలొచ్చినట్టు ఒక చప్పుడు వచ్చిందంతే.

"మావయ్యగారూ!"

సూదిబాబు పైప్రాణాలు పైనే పోయాయి. నేనే పెట్టాను, నా చేత్తో పెట్టాను, అదొక్కటే తలలో తిరుగుతోంది. ఫోన్ చేసి అంబులెన్స్‌ని రమ్మన్నాడు. అడ్రసు చెబుతూ ఇంటి నంబరు మర్చిపోయి, వీధి తలుపు దాకా పరుగెత్తి చూసొచ్చి చెప్పాడు. తిరిగొచ్చేసరికి పెనం మీద చేప మాడి వంటిల్లంతా పొగ. ఆ పొగలో ఆయన ఊపిరందక గింజుకుంటున్నాడు. సూదిబాబు పెనాన్ని ఉత్త చేత్తో పట్టుకుని సింకులో పడేసి, కిటికీలు బార్లా తెరిచాడు. ఆయన్ని ఎత్తి సోఫాలో పడుకోబెడదామని చంకల కింద చేతులేశాడు.

ఆయన ఒక్క తోపు తోశాడు. వేలు పైకి చూపించాడు. పడుకోను, కూర్చునే ఉంటాను. అల్లుడికి అర్థం కాలేదని గ్రహించి, అతని చెయ్యి లాక్కుని తన వీపు మీద పెట్టించుకున్నాడు. ముందుకు వంగి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ముక్కుతో గాలి పీల్చాడు. నీళ్ళకి బెదిరిన పిల్లలకి ఎన్నేళ్ళు నేర్పాడో అదే. నెమ్మదిగా లోపలికి. నెమ్మదిగా బయటికి. సూదిబాబు ఆ వీపు మీద చెయ్యి వేసి, ఆయనతో పాటే పీలుస్తూ, ఆయనతో పాటే వదులుతూ కూర్చున్నాడు. ఆ పక్కటెముకలు ఆగిపోతే తనవి కూడా ఆగిపోతాయేమో అనిపించింది.

అంబులెన్స్ వాళ్ళు వస్తూనే "ఏం తిన్నారు?" అని అడిగారు. "చేప," అన్నాడు సూదిబాబు. నేరం ఒప్పుకున్నట్టే వినిపించింది అతనికి. చేప పడలేదనుకుని తొడకి ఎలర్జీ ఇంజెక్షన్ ఇచ్చారు. దారిలో ఇంకోటి ఇచ్చారు. వాపు తగ్గలేదు సరికదా, ఆసుపత్రి చేరేసరికి మెడ కూడా ఉబ్బింది. స్ట్రెచర్ని తోసుకుంటూ లోపలికి తీసుకుపోయారు. గొంతు పూర్తిగా మూసుకుపోయేలోగా ముక్కులోంచి గొట్టం వేస్తున్నామని ఒక నర్సు చెప్పి, మళ్ళీ తలుపు వేసేసుకుంది.

బస్సు నడిపేటప్పుడు పెళ్ళాం ఫోన్ తీయదు. డిపోకి ఫోన్ చేసి కబురు పెట్టించాడు. యూనిఫాం మీదే పరుగెత్తుకొచ్చిందామె.

"ఏమైంది? నాన్న మనింటికి రావడమేంటి?"

"వచ్చారు. మెత్తగా ఏదైనా పెట్టమంటే చేప కాల్చి పెట్టాను. రెండు ముద్దలు తిన్నారో లేదో…"

మొగుడి వైపు ఆమె చూసిన చూపు సూదిబాబు అంతకుముందు ఎన్నడూ చూడనిది. పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

"ఏం పెట్టావు మా నాన్నకి?"

"నువ్వు తెచ్చిన సాల్మనే…"

"పాడయిందేమో చూసుకోవా? ఎన్నడూ రాని మనిషి వస్తే వెనకా ముందూ చూసుకోవద్దా? అసలు ఏం కలిపావు అందులో?"

ఏం కలిపావు. ఆ మాట నెత్తిన పిడుగులా పడింది. ఉప్పు, మిరియాలు, నూనె, నిమ్మకాయ అని వరసగా చెప్పబోయాడు. గొంతులోంచి "ఉప్పు" అన్న ఒక్క మాటే వచ్చింది. ఆమె అటు తిరిగి గోడకి నుదురు ఆనించి ఏడ్చింది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, మధ్యలోనే ఆపేసి, తన జేబులో పెట్టుకున్నాడు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. ఇద్దరూ ఒకేసారి లేచారు.

"ప్రాణానికి ప్రమాదం లేదు. గొట్టం వేశాం, గాలి బాగానే ఆడుతోంది. ఒక్క సంగతి చెప్పండి. ఒంటి మీద దద్దుర్లు గానీ దురద గానీ వచ్చాయా?"

"లేదండీ," అన్నాడు సూదిబాబు.

"నేననుకున్నదీ అదే. ఇంజెక్షన్లకి కూడా లొంగలేదు. ఆయన బీపీకి మాత్రలు వేసుకుంటారా?"

"వేసుకుంటారు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఈమధ్యే మార్చారు. పరీక్షలు చేయించినప్పుడు." మాత్ర పేరు కూడా చెప్పింది.

డాక్టరమ్మ తలూపింది. "ఆ రకం మాత్రలు లక్షణంగా పనిచేస్తాయి. ఎక్కడో ఒకరికి మాత్రం ఇలా మొహం, నాలుక వాస్తాయి. వేసుకోగానే వస్తుందని లేదు, నెలల తర్వాత కూడా రావచ్చు. ఇది చేప వల్ల కాదమ్మా. ఆ మాత్ర ఇక ఆయన జన్మలో ముట్టుకోకూడదు."

బతికాడన్న సంతోషం ఇంకా లోపలికి దిగలేదు. ఆమె నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది.

"నేను నిన్ను…" అని ఆగింది. అతని చెయ్యి జేబులోంచి బయటికి లాగింది. అరచెయ్యంతా ఎర్రగా కమిలి, మధ్యలో పొడుగ్గా బొబ్బ లేచి ఉంది. "ఇదేంటి?"

సూదిబాబు కూడా దాన్ని అప్పుడే చూశాడు. "పెనం అనుకుంటా," అన్నాడు. చూసిన తర్వాతే మండటం మొదలుపెట్టింది.

"నర్సుగారూ! ఇక్కడ చెయ్యి కాలిందండీ!" అని ఆమె పెట్టిన కేకకి వరండా అంతా ఇటు తిరిగింది. నాన్న గొంతే వచ్చింది ఆమెకి, అందులో సందేహం లేదు.

మర్నాటికి వాపు సగానికి దిగింది. గొట్టం తీసేశారు. అల్లుడు గదిలోకి వెళ్ళేసరికి ఆయన దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మాట ముద్దగా వస్తోంది.

"పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే పెదవి వాచి ఉందయ్యా. పళ్ళు తోముకుంటుంటే ఇంకా పెరిగింది."

సూదిబాబు ఉలిక్కిపడ్డాడు. "అప్పటికే వాచి ఉందా? మరి నాతో చెప్పలేదేమండీ?"

"ఏమని చెప్పను? భయమేసిందని చెప్పనా?" ఆయన దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నాడు. "ఇంట్లో ఒక్కణ్ణే ఉండబుద్ధి కాలేదు. అమ్మాయి బస్సు మీదుంటుంది. నువ్వు మధ్యాహ్నం ఇంటికొస్తావని తెలుసు. అక్కడ ఎవరో ఒకరి ఎదురుగా కూర్చుంటే చాలనిపించింది."

"నేనెప్పుడొస్తానో మీకెలా తెలుసు?"

"నీ షాపు ముందు నుంచే కదా రోజూ వాకింగ్‌కి పోయేది," అన్నాడాయన, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "నువ్వు తల వంచుకుని కుట్టుకుంటుంటావు. ఎప్పుడన్నా చూస్తే కదా."

ఇన్నేళ్ళుగా తన గడప తొక్కని మనిషి రోజూ తన ముందు నుంచే పోతున్నాడు. సోఫాల్లో తల దూర్చి తను చూడలేదు. సూదిబాబు మంచం పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ కుర్చీ గుడ్డ ఒక మూల ఊడి ఉందని గమనించాడు కానీ, దాని మాట ఎత్తలేదు.

ఆసుపత్రి నుంచి ఆయన్ని తిన్నగా తమ ఇంటికే తీసుకొచ్చారు. ఆయన వద్దనలేదు. ఆమె మళ్ళీ డ్యూటీకి వెళ్ళిన మొదటి రోజు, సూదిబాబు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర సోఫాలో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. సూదిబాబు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చప్పుడు చేయకుండా దగ్గరికెళ్ళి ఆ ఛాతీ వంక చూశాడు. పైకి లేచింది. కిందికి దిగింది. ఇంకోసారి చూసుకుంటే గానీ మనసు కుదుటపడలేదు. అక్కడే నిలబడ్డాడు.

"బతికే ఉన్నానయ్యా," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే, పక్కింటికి కూడా వినపడేలా. "పోయి పని చూసుకో."