ఓడ నీలంగా ఉండేదట

మా బావ మాటను నేను తేలిగ్గా నమ్మను. ఆ తప్పు నాది కాదు, ఆయనదే. నాలుగేళ్ల కిందట ఒక కాగితాన్ని టీ నీళ్లలో నానబెట్టి ఆరేసి, దాని మీద ఏదో యుద్ధనౌక కెప్టెన్ రాసినట్టు ఉత్తరం రాసి నా చేతిలో పెట్టాడు. దాన్ని నేను మా నమూనా ఓడల క్లబ్బులో అరగంట సేపు చదివి, వాక్యవాక్యానికీ అర్థం చెప్పాను. వెనక వరసలో మా అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక వణికిపోతుంటే అది దొంగ ఉత్తరమని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి ఆయన టైము చెప్పినా నేను నా వాచీ చూసుకుంటాను.

అందుకే ఆయన ఆ చెక్క మూత తెచ్చినప్పుడు నాకు ఒళ్లు మండింది.

యుద్ధంలో మునిగిపోయిన ఒక కాపలా నౌకకు మాజీ నావికుల సంఘం వాళ్లు తమ హాల్లో మూడడుగుల నమూనా పెట్టదలచుకున్నారు. పక్కనే ఆ నౌకలో పనిచేసినవాళ్ల పేర్ల పలక. నమూనా తయారీ మా బావది. చేతిపనిలో ఆయనకు వంక పెట్టలేం. ఏ రంగు వెయ్యాలో తేల్చి నివేదిక రాయడం నా పని. పాత ఫోటోలు, ఉత్తర్వులు తిరగేసి, ఏ ఓడ ఏ నెలలో ఏ రంగులో తిరిగిందో పట్టుకుంటానని క్లబ్బులో నన్ను ‘భూతద్దం’ అంటారు. నా ముఖం మీదే అంటారు.

బావ తండ్రి ఆ నౌకలో రంగులు వేసేవాడట. రేవులో బూడిదరంగు అయిపోతే, దొరికిన నీలంతో ఓడంతా పూశారట. ఆ వారమే ఆయన జబ్బుపడి ఒడ్డున దిగిపోయాడు. తరవాతి ప్రయాణంలోనే ఓడ మునిగింది. నీలాన్ని చూసినవాళ్లు దానితోపాటే పోయారు, సిబ్బంది జాబితా కూడా పోయింది. ఆయన సంఘానికి వెళ్లి చెబితే నవ్వారు. ఉత్తర్వుల్లో బూడిదరంగని స్పష్టంగా ఉంది, నువ్వసలు ఆ ఓడ ఎక్కావా అని అడిగారు. పలక మీద పేరు పడకుండానే ఆయన పోయాడు. ఇప్పుడు నా నివేదికలో నీలమని వస్తే ఆయన ఆ ఓడలో ఉన్నట్టు రుజువై ఆ పేరు ఎక్కుతుంది, రాకపోతే ఇక ఎక్కదు.

మిగిలిన రంగును తండ్రి ఇంటికి తెచ్చి పనిముట్ల పెట్టెకు వేశాడనీ, ఈ మూత దానిదేననీ బావ చెప్పాడు. చూస్తే ఆకుపచ్చగా ఉంది.

“నీలమన్నావు కదా బావా?”

“నాన్న నీలమనే అనేవాడు. అమ్మా అంతే అంటుంది. పెట్టె ఇన్నేళ్లూ అటక మీదే ఉంది. నువ్వే చూసి చెప్పు.”

ఆయన నవ్వలేదు. మా బావ నవ్వకపోతే నాకు అనుమానం ఇంకా ముదురుతుంది.

మూల మీద బ్లేడుతో కాస్త గీకాను. చెక్క మీద ఒకే పూత. ఆ ఆకుపచ్చ నా దగ్గరున్న ఏ నౌకాదళపు రంగుకూ కలవలేదు. ఫోటోలా, నలుపు తెలుపుల్లో లేత నీలమూ బూడిదా ఒక్కలాగే ఉంటాయి. నీలమని చెప్పి ఆకుపచ్చ తెచ్చాడంటే, ఈసారి మోసం కూడా శ్రద్ధగా చెయ్యలేదనుకున్నాను. మూత నమ్మదగినది కాదు, నౌక రంగు బూడిదే అని రాసి సంతకం పెట్టి పంపించాను. రాసేటప్పుడు సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు?

నివేదిక చేరాక బావ నాకు ఫోన్ చెయ్యలేదు. వాళ్ల అమ్మకు ఆయనే చదివి వినిపించాడనీ, ఆవిడ ఆ రోజు అన్నం ముట్టలేదనీ అక్క చెప్పింది. నాటకం బాగా రక్తి కట్టిస్తున్నారు అనుకున్నాను.

మూడు వారాల తరవాత కిటికీ గట్టు మీద నా స్టీలు స్కేలు కోసం వెతికాను. నివేదిక పంపాక అక్కడే ఎండలో వదిలేసిన మూత మీద పడి ఉంది. తీశాను. స్కేలు ఉన్నంత మేరా ఆకుపచ్చ చార. మిగతా అంతా నీలం.

నూనె రంగు ఏళ్ల తరబడి చీకట్లో ఉంటే పసుపు తిరుగుతుంది. నీలం మీద పసుపు తిరిగితే ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఎండ తగిలితే ఆ పసుపు వెలిసిపోతుంది. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేను చెప్పే పాఠం ఇదే. అటక మీదుందని బావ తన నోటితో చెప్పినా నా చెవికెక్కలేదు.

మూత పట్టుకుని వాళ్లింటికి పరుగెత్తాను. బల్ల మీద నమూనా ముక్కు నుంచి వెనక దాకా బూడిదరంగు పూసుకుని ఉంది. బావ మూతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏం పూశావు దీనికి?”

ఎండ సంగతంతా చెప్పాను. నాకే అది అల్లిన కథలా వినిపించింది.

“ఆ ఉత్తరానికి బదులు తీర్చుకుంటున్నావేమో, తీర్చుకో బామ్మర్దీ. మా నాన్నను మాత్రం మధ్యలోకి లాగకు.”

నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రే నివేదిక వెనక్కి తీసుకుంటున్నానని సంఘానికి రాశాను. బంధువు కోసం మాట మార్చాడని సెక్రటరీ అన్నాడట.

పెట్టెను అటక మీంచి దింపించింది బావ వాళ్ల అమ్మ, అత్తయ్యగారే. కిటికీ పక్కన ఎండ పడేచోట పెట్టమని, ఒక పక్కకు గుడ్డ కప్పమని చెప్పి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. గుడ్డ సర్దబోతే బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదన్నాడు.

ఆదివారం మళ్లీ వెళ్లాను. అక్క నాకు గుమ్మం దగ్గర కుర్చీ వేసింది. అత్తయ్యగారు పెట్టె మీదికి వంగి చూస్తోంది. రంగేమైనా మారిందా అని అడిగాను. ఆవిడ గుడ్డ అంచు ఎత్తి చూసి మళ్లీ కప్పేసింది. నేను కూర్చున్న చోటి నుంచి అది కనిపించదు.